మీకు తెలుసా? చుక్క పడేది ఒకచోట, కారేది మరోచోట!

సెకండ్ హ్యాండ్ లారీ కొన్నారా? ఇంజిన్ కింద నూనె మరక కనిపించగానే సీల్ మార్చేయకండి.

● కారిన ఆయిల్ కిందికి జారుతుంది. ఫ్యాన్ గాలికి, బండి వేగానికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడిసిన భాగంలో అన్నిటికంటే పైన, ముందు ఉన్న చోటే మొదట వెతకాలి.

● అమ్మే ముందు ఇంజిన్ కడిగిస్తే పాత మరకలు పోతాయి. అందుకే కొన్న కొద్ది రోజులకు మళ్లీ చూడాలి.

● జిడ్డంతా శుభ్రంగా తుడిచి, ఆరాక అనుమానమున్న చోట టాల్కం పౌడర్ చల్లి, కాసేపు ఇంజిన్ నడిపితే కారే చోట పౌడర్ తడిసి రంగు మారుతుంది.

● ఆయిల్‌లో ప్రత్యేకమైన రంగు కలిపి, అతినీలలోహిత లైటు వేసి చూస్తే లీకు మెరుస్తూ కనబడుతుంది.

● టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారినా, వెనక క్రాంక్ సీల్ పోయినట్టే అనిపించవచ్చు. ప్యాకింగ్ మార్చడం సులువు. ఆ సీల్ మార్చాలంటే సాధారణంగా గేర్‌బాక్స్ దించాలి.

● బ్రీదర్ పైపు మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్ బయటికొస్తుంది.

● వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడితే మంటలు రేగే ప్రమాదముంది.

లీకు దొరికేదాకా రోజూ డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగితే బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపేయండి.