కోలాటానికి కాళ్ళు సిద్ధంగా వున్నాయా?



దసరా దగ్గరపడుతున్నదంటే మన ప్రొద్దుటూరు అమ్మవారిశాల వీధుల సంబరం చెప్పనలవి కాదు. వాసవీ కన్యకా పరమేశ్వరి మెరవణి ముందు కోలాటం కర్రలు మోగవలసిందే. జమ్మలమడుగు నారాపుర వెంకటేశ్వరస్వామి, పులివెందుల రంగనాథస్వామి ఉత్సవాలు వచ్చినా అంతే. కోలాటంలో ఇప్పుడు ఆడవాళ్ళ జట్లే ఎక్కువగా కనిపిస్తున్నాయి. నలభై, యాభై దాటిన గృహిణులు కూడా ఒకే రంగు చీరలు కట్టుకొని హుషారుగా అడుగులు వేస్తున్నారు. చూడముచ్చటగానే వుంటుంది. పండుగ వెళ్ళిన మర్నాడు మాత్రం, "మోకాళ్ళు పట్టేసినాయి వదినా, వయసైపోయె, ఇంక నాతో కాదు" అనే మాట ఎన్ని ఇళ్ళల్లోనో వినిపిస్తుంది. అలా మానేసినవాళ్ళు మళ్ళీ రావడం అరుదు. కర్రలతో బాటు సాయంత్రం బయటికి రావడం, నలుగురితో నవ్వడం కూడా అటకెక్కుతాయి. నన్నడిగితే, ఇందులో వయసు తప్పు కొంతే. ఏడాదంతా ఊరకుండి తొమ్మిది రాత్రులు ఎగరడమే అసలు తప్పు.

"పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే వుంటాం గదా, మళ్ళీ వ్యాయామం ఎందుకు?" అంటారేమో. ఇంటిపనిలో చేతులు అలుస్తాయి, నడుము అలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకొనేంత పని, తొడలకు బలమిచ్చే పని మాత్రం తక్కువ. ఒకప్పుడు పీట మీద కూర్చోవడం, లేవడం, రోలు దగ్గర కూర్చోవడం, బావిలో నీళ్ళు చేదడం వుండేవి. ఇప్పుడు గ్యాసు పొయ్యి, మిక్సీ, భోజనాల బల్ల వచ్చాయి. రావడం మంచిదే. రోటి ముందు నడుములు పడిపోయిన అవ్వలను చూసినవాళ్ళెవరూ ఆ కాలం తిరిగి రావాలని కోరుకోరు. అయితే రోజుకు పదిసార్లు కిందికి కూర్చొని లేచే అలవాటు పోయింది. దాంతో తొడ కండరాలు సడలినాయి.

మోకీలుకు కాపలా ఆ తొడ కండరమే. కోలాటంలో వంగి, లేచి, గిర్రున తిరిగినప్పుడు పడే బరువులో చాలా భాగం అది మోస్తుంది. అది బలహీనపడితే బరువంతా కీలు మీద పడుతుంది. పైగా మన ప్రాంతంలో ఇంట్లో నాపబండలు, వీధిలో సిమెంటు రోడ్లు. వాటి మీద చెప్పుల్లేకుండా దబదబా మడమలు వేస్తే ఆ అదురు తిన్నగా మోకాలికి ఎక్కుతుంది. అందుకే నేర్చుకొనే రోజుల్లో మట్టినేల మీద ఆడడం, పాదం ముందు భాగం మీద మెత్తగా దిగడం మేలు.

శరీరాన్ని ముందుగా సిద్ధం చేసుకోవాలన్నది కొత్త సంగతి కాదు. నందికేశ్వరుని అభినయదర్పణంలో నర్తకికి పది ప్రాణాలు చెప్పారు. వాటిలో జవం అంటే చురుకు, స్థిరత్వం అంటే నిలకడ, అశ్రమం అంటే అలసట లేకపోవడం. ఈ మూడూ ఒంటి బలానికి సంబంధించినవే గదా.

ఉత్సవానికి కనీసం ఆరువారాల ముందు మొదలుపెట్టండి. కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి, నెమ్మదిగా కూర్చోండి. కాసేపు ఆగి మరో పదిసార్లు. బళ్ళో అయ్యవారు వేయించిన గోడకుర్చీ జ్ఞాపకముందా? అదే, సగం వరకే దిగి, ఇరవై లెక్కపెట్టేదాకా వుండండి. పూర్తిగా దిగితే మోకాలికి భారం. పాలు పొంగే లోపల, పొయ్యికి కాస్త ఎడంగా నిలబడి, గోడ ఆసరాతో మునివేళ్ళ మీద లేచి దిగవచ్చు. తర్వాత గోడ పక్కనే కొంగలాగా ఒంటికాలి మీద నిలబడడం. తిరుగుడులో తూలి పడకుండా కాపాడేది ఇదే. ఇవి వారానికి మూడురోజులు చాలు. చేసిన మర్నాడు తొడలు కాస్త సలిపితే భయం లేదు. కీలు వాచినా, పోటు పొడిచినా ఆపి డాక్టరుకు చూపించాలి. గుండెజబ్బు, రక్తపోటు వున్నవాళ్ళు మొదలుపెట్టక ముందే అడగడం మంచిది.

ఇక ఊపిరి సంగతి. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదురోజులు చురుగ్గా నడవడం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడడం మాత్రం కష్టం కావాలి. అదే సరైన వేగం. మన ఎండలకు తెల్లవారుజామే నడకకు అనువు. ఇక్కడొక మాట. ఆడేవాళ్ళే పాడుకొన్నప్పుడు పాట వేగం ఊపిరిని మించేది కాదు. ఇప్పుడు స్పీకరులో పాట పెడుతున్నారు. దానికి ఆయాసం తెలియదు. మీ జట్టులో పెద్దవయసు వాళ్ళుంటే నిదానమైన పాట ఎంచుకొమ్మని గురువుగారిని మొహమాటం లేకుండా అడగండి.

జడకోలాటంలో తాడు అల్లి విప్పడానికి కాళ్ళెంత ముఖ్యమో జ్ఞాపకశక్తీ అంతే ముఖ్యం. న్యూయార్కులో 75 దాటిన 469 మందిని ఏళ్ళతరబడి పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామాలన్నిటిలో నాట్యం చేసేవాళ్ళలోనే మతిమరుపు వ్యాధి తక్కువగా కనిపించిందట. నాట్యమే దానికి కారణమని ఖాయంగా చెప్పలేం గాని, ఆడడానికి అదీ ఒక ప్రోత్సాహమే.

నవరాత్రుల్లో ఉపవాసముండి ఆడే అక్కయ్యలు మరీ జాగ్రత్తగా వుండాలి. షుగరు మాత్రలు వేసుకొని, ఏమీ తినకుండా గంటసేపు ఎగిరితే కళ్ళు తిరిగి పడిపోతారు. ఉపవాసం గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. మామూలు రోజుల్లో మన రాగిసంగటి వుండనే వుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది. ఆట మధ్యలో ఉప్పువేసిన పల్చని మజ్జిగ తాగండి. రాత్రి ఇంటికి చేరగానే కాళ్ళు కడుక్కొని అరికాళ్ళను దీపం వెలుతురులో ఒకసారి చూసుకోండి. షుగరున్నవాళ్ళకు ముల్లు దిగినా తెలియకపోవచ్చు.