పెరటిలో తేనెపట్టు: అడవి గుంపుకు ఆహ్వానం

వసంతకాలం ముగిసే రోజులలో, అమెరికాలోని ఇళ్ళ పెరళ్ళలో ఒకానొక మధ్యాహ్నం వేలాది తేనెటీగలు ఝుంకారంతో వచ్చి, చెట్టుకొమ్మకు గుమ్మడికాయంత గుత్తిగా వ్రేలాడడం కద్దు. ఆ దృశ్యం చూచి భయంతో పురుగుమందు చల్లేవారున్నారు. నిజానికి అది ఇల్లు వెదకుకొంటున్న ఒక కుటుంబం.

ఈ తేనెటీగ అమెరికాకు స్థానికం కాదు. 1622లో ఆంగ్లేయ వలసవారి నౌకలలో వర్జీనియా చేరి, క్రమంగా అడవులలోని చెట్టుతొర్రలలో స్థిరపడింది. పట్టు కిక్కిరిసినపుడు ముసలి రాణి పుట్టింటిని కూతురికి విడిచి, సుమారు 10,000 శ్రామిక ఈగలతో బయలుదేరుతుంది. కడుపునిండా తేనె నింపుకొని ఉండడం వలన, కాపాడవలసిన పిల్లలు లేకపోవడం వలన ఈ గుంపు సాధారణంగా శాంతంగానే ఉంటుంది.

గుంపు కొమ్మపై విశ్రమించగా, కొన్ని వందల వేగు ఈగలు ఇంటికై నాలుగు దిక్కులా వెళతాయి. 1949లో మ్యూనిక్ నగరంలో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రజ్ఞుడు, గుత్తిపై నాట్యమాడే ఈగల ఒంటికి మసి, ఇటుకపొడి అంటి ఉండడం గమనించాడు. అవి పూలను కాక పొగగొట్టాలను, శిథిల గోడలను పరిశీలించి వస్తున్నాయని గ్రహించాడు. తావు ఎంత మంచిదైతే వేగు అన్నిసార్లు నాట్యం చేస్తుంది. ఆ నాట్యం చూచిన మరికొన్ని ఈగలు స్వయంగా వెళ్ళి చూచి వస్తాయి. ఒక తావు వద్ద ఇరవై, ముప్పై వేగులు ఒకేసారి కూడినపుడు నిర్ణయం స్థిరపడినట్లే. రాణి ఆజ్ఞతో ఇందులో నిమిత్తం లేదు.

కనుక పెరటికి గుంపును రప్పించదలచినవారు మెప్పించవలసినది ఈ వేగులనే. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ సీలీ 1970ల నుండి జరిపిన ప్రయోగాలు వాటి అభిరుచులను వెల్లడించాయి. గూటి లోపలి చోటు సుమారు 40 లీటర్లు ఉండాలి. పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ పెట్టె దాదాపు ఆ కొలతకే వస్తుంది. ద్వారం అడుగుభాగాన, దక్షిణాభిముఖంగా, ఒకటిన్నర అంగుళాల వ్యాసానికి మించకుండా ఉండాలి. పదిహేను అడుగుల ఎత్తు వాటికి ఇష్టమైనా, నిచ్చెన ప్రమాదం దృష్ట్యా ఎనిమిది, పది అడుగులు మేలు. లోపల ఒక పాత మైనపు పట్టు, కొన్ని చుక్కల నిమ్మగడ్డి నూనె ఉంచితే చాలు. ఆ నూనె వాసన ఈగలు ఒకదానినొకటి పిలుచుకొనే వాసనను పోలి ఉంటుంది. పాత పట్టును మాత్రం రోగం లేని పెట్టె నుండే తీసుకోవాలి.

గుంపు రావడం ఒక ఎత్తు, నిలవడం మరొక ఎత్తు. అడవిలో కొత్తగా కాపురం పెట్టిన గుంపులలో సుమారు నాలుగింట ఒక వంతు మాత్రమే మొదటి శీతకాలం దాటుతున్నట్లు సీలీ పరిశీలనలు తెలిపాయి. ఉత్తర రాష్ట్రాలలో చలికాలం గడవడానికి ఒక పట్టుకు 30 కిలోల వరకు తేనె కావాలి. కాబట్టి మొదటి సంవత్సరం తేనె తీయరాదు. పూలు తక్కువైనపుడు పంచదార పాకం పెట్టవలసి ఉంటుంది.

రెండవ శత్రువు వరోవా అనే నల్లి. దీని మూల ఆశ్రయం ఆసియా తేనెటీగ. ఆంధ్రదేశంలోని పుట్టలలో, తొర్రలలో పట్టుపెట్టేది ఆ జాతియే. తరతరాల సాహచర్యం వలన అది నల్లిని తట్టుకోగలదు. ఐరోపా ఈగకు ఆ నేర్పు అంతగా లేదు. 1987లో ఈ నల్లి అమెరికాలో బయటపడింది. కొత్త గుంపులో మూతవేసిన పిల్లగదులు ఉండవు కనుక నల్లులన్నీ పెద్ద ఈగల ఒంటిమీదనే ఉంటాయి. మొదటి వారంలో ఆక్సాలిక్ ఆమ్లపు చికిత్స బాగా పనిచేయడానికి కారణమిదే. ఆపైన అరకప్పు, అనగా సుమారు 300 ఈగలను పరీక్షిస్తూ, నూటికి మూడు నల్లులు కనిపిస్తే మరల చికిత్స చేయించాలి.

ఇంట్లో ఎవరికైనా తేనెటీగ కాటు పడదని తెలిసి ఉంటే ఈ ప్రయత్నం మానుకోవడమే మంచిది. ఆఫ్రికా సంకరజాతి ఈగలు 1990లో టెక్సాస్ చేరి దక్షిణ రాష్ట్రాలలో వ్యాపించాయి; అక్కడ అనుభవజ్ఞుల తోడు లేకుండా గుంపును తాకరాదు. పెట్టెను నమోదు చేయాలన్న నియమం పలు రాష్ట్రాలలో ఉంది. పుట్టిన బిడ్డకు తేనె నాకించే మన ఆచారాన్ని కూడా ఇక్కడ పునరాలోచించాలి: ఏడాది నిండని శిశువుకు తేనెవలన బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు.

పిలిచిన అతిథికి అన్నం పెట్టడం మన ఇళ్ళ మర్యాద. తొలి ఏడు తేనెను ఈగలకే విడిచిపెట్టిన గృహస్థు, మలి వసంతాన పెట్టె ద్వారం వద్ద పుప్పొడి మోసుకువచ్చే ఈగలను పిల్లలకు చూపగలుగుతాడు. తేనె సంగతి ఆ తరువాత.