ఎగ్జిట్ జీరో దాకా

న్యూజెర్సీలో ఉండే మన ఇళ్ళల్లో వేసవి అంటే ముందు ఇండియా టికెట్లు, తర్వాత సమ్మర్ క్యాంపులు, ఎవరైనా అక్కడి నుంచి వస్తే నయాగరా. సముద్రం గంట దూరంలోనే ఉంటుంది. అయినా పొద్దున్నే వెళ్ళి, కాళ్ళు తడుపుకుని, పులిహోర తిని, చీకటి పడేలోపు ఇంటికొచ్చేయడమే మా ఇంట్లో అలవాటు. కారులో ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఈసారి రెండు రాత్రులు ఉండి వద్దామని అన్నది నేనే. పెద్దదానికి 15, చిన్నవాడికి 13. ఆగస్టులో మా అక్క కూతురి పెళ్ళికి ఇండియా ప్రయాణం ఎటూ ఉంది. అక్కడికి వెళ్ళాక చుట్టాల మధ్య మేం నలుగురం ఒకచోట కూర్చునే వీలుండదు. ఇంకో మూడేళ్ళకి పెద్దది కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆ లెక్క వేసుకున్న రోజు రాత్రే హోటళ్ళు వెతకడం మొదలుపెట్టాను.

ఏ ఊరు అన్న దగ్గరే గొడవ. చిన్నవాడికి రైడ్లు కావాలి కాబట్టి వైల్డ్‌వుడ్ అన్నాడు. మావారికి నడవడానికి, చూడడానికి ఏదైనా ఉండాలి. పెద్దది మాత్రం "మీ ఇష్టం, నేను రూమ్‌లో చదువుకుంటాను" అంది. చివరికి కేప్ మే అనుకున్నాం. రాష్ట్రానికి దక్షిణాన చిట్టచివరి ఊరు. 1878లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక కట్టుకున్న రంగురంగుల చెక్క ఇళ్ళు ఇప్పటికీ వీధుల నిండా ఉన్నాయి. అక్కడి నుంచి వైల్డ్‌వుడ్ కారులో పావుగంట, ఇరవై నిమిషాలు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఎగ్జిట్ నంబర్లంటే మైళ్ళే. మేం ఎక్కేది 130 దగ్గర, కేప్ మే జీరో. "ఇంకా ఎంత దూరం?" అన్న ప్రశ్న దారి పొడవునా ఒక్కసారి కూడా రాలేదు.

వెళ్ళాలనుకునేవారికి నేను నేర్చుకున్నవి చెప్తాను. సీజన్‌లో వారాంతాలకి చాలా హోటళ్ళు కనీసం రెండు మూడు రాత్రులు తీసుకోమంటాయి, ధర కూడా మండిపోతుంది. అందుకే స్కూళ్ళు మూసిన వెంటనే, జూన్ ఆఖర్లో, సోమవారం నుంచి బుధవారం దాకా పెట్టుకున్నాం. ఈ వయసు అక్కాతమ్ముళ్ళని ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెడితే రెండో రోజుకి యుద్ధమే. కాస్త ఎక్కువైనా ముందుగదిలో సోఫా బెడ్, చిన్న వంటగట్టు ఉన్న సూట్ తీసుకోండి. ఆడపిల్ల ఉంటే తేదీలు ఖాయం చేసే ముందు దాని క్యాలెండర్ కూడా అడగండి. అడగడానికి మొహమాటపడ్డది నేనే, అది కాదు. న్యూజెర్సీలో చాలా బీచ్‌లకి వేసవిలో ట్యాగు కొనాలి, 12 దాటిన పిల్లలకి కూడా. కాబట్టి మాకు నాలుగు ట్యాగులు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మొదటి పూటకి నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, ఆ తర్వాత పిల్లలు ఏం తింటే అదే. రోజుకింత అని డబ్బు చిన్నవాడి చేతికి ఇచ్చేశాం. ఇంట్లో పిజ్జా మీద ఇంకో టాపింగ్ అడిగేవాడు, లెక్క తన చేతికి రాగానే "ఇది వేస్ట్ అమ్మా" అనడం మొదలుపెట్టాడు. ఒక్క జాగ్రత్త, ఇసుకలో కూర్చుని ఫ్రెంచ్ ఫ్రైస్ తినేటప్పుడు పైన సీగల్స్‌ని చూసుకోండి. చేతిలోది చేతిలోనే ఎత్తుకుపోతాయి.

సముద్రం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. నాకు ఈత రాదు. కాకినాడలో పుట్టి పెరిగాను, అయినా సముద్రం అంటే పావడా మోకాళ్ళ దాకా ఎత్తుకుని అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడడమే. పిల్లలిద్దరూ ఇక్కడ వైఎంసీఏలో ఈత నేర్చుకున్నారు. నా భయం అదే. పూల్‌లో ఈత వచ్చిన పిల్లలకి సముద్రం కూడా పెద్ద పూల్ లాగే కనిపిస్తుంది.

వెళ్ళేముందు రాత్రి పిజ్జా డబ్బా మూత మీద బొమ్మ గీసి రిప్ కరెంట్ గురించి చెప్పాను. అలలు ఒడ్డుకి తెచ్చి పోసిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఒక ఇరుకు ప్రవాహంగా వెనక్కి పోతాయి. పక్కన అలలు విరుగుతుంటే అక్కడ మాత్రం నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. కొన్నిసార్లు దాని వేగం సెకనుకి 8 అడుగుల దాకా ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఈదేవాళ్ళు కూడా దానికి ఎదురు ఈదలేరు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. మునిగిపోయేది ఒడ్డు వైపు ఈది ఈది అలిసిపోయినవాళ్ళే. దొరికిపోతే తేలుతూ ఉండాలి, చెయ్యి ఊపి అరవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ప్రవాహం నుంచి బయటపడాలి. అమెరికాలో బీచ్ లైఫ్‌గార్డులు రక్షించేవాళ్ళలో నూటికి 80 మందికి పైగా ఇందులో చిక్కుకున్నవాళ్ళేనని వాళ్ళ సంఘం చెప్తుంది. అందుకే మా ఇంటి షరతు ఒక్కటే. లైఫ్‌గార్డు కుర్చీ ఎదురుగానే దిగాలి, వాళ్ళు దిగి వెళ్ళిపోతే మనమూ బయటికి రావాలి. ఒడ్డు నిటారుగా దిగిపోయే చోట అల నేరుగా ఇసుక మీద విరుచుకుపడుతుంది, అక్కడ తలకిందులుగా దూకితే మెడకి దెబ్బ తగులుతుంది. ఇది కూడా చెప్పాను. చిన్నవాడు బొమ్మకి ఫోటో తీసుకున్నాడు. పెద్దది ఫోన్ నుంచి తల ఎత్తలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం చిన్నవాడు నీళ్ళలో దిగిన ఇరవై నిమిషాలకే మా గొడుగుకి నాలుగు గొడుగుల అవతల తేలాడు. నా గుండె ఆగినంత పనైంది. అది రిప్ కాదు, ఒడ్డు వెంబడే పక్కకి తోసుకుపోయే ప్రవాహం. వాడికి తెలియనే లేదు. లైఫ్‌గార్డు ఈల వేసి చేత్తో చూపించాడు, వాడు నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి పది నిమిషాలకీ తల తిప్పి మా గొడుగు ఎక్కడుందో చూసుకోవడం వాడికి అలవాటైంది. మన గొడుగు అందరి గొడుగుల్లా నీలం రంగుది కాకుండా చూసుకోండి. మేం రెండో రోజు దాని కొసకి నా ఎర్ర చున్నీ కట్టాం.

ఆ కంగారు తగ్గి వెనక్కి తిరిగితే పెద్దది గొడుగు కింద నల్ల హుడీ వేసుకుని, చేతులు లోపలికి లాక్కుని, కాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. చెమట కారిపోతోంది.

"నీళ్ళలోకి వెళ్ళొచ్చు కదే?"

"వద్దు."

"అంత చల్లగా ఏమీ లేవు. తమ్ముడు చూడు."

కాసేపు ఊరుకుని అంది. "నువ్వే కదా అమ్మమ్మకి చెప్పావు. పెళ్ళిలోపు ఇది నల్లబడకుండా చూసుకోవాలని."

చెప్పాను. మూడు వారాల క్రితం, వంట చేస్తూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి. బీచ్‌కి వెళ్తున్నాం అనగానే అమ్మ "పెళ్ళి ముందు ఎండలో ఎందుకే" అంది, నేను "చూసుకుంటాలే అమ్మా, ఇది నల్లబడకుండా" అన్నాను. కూరలో ఉప్పు వేసినంత మామూలుగా అన్నాను. అది పక్క గదిలో ఉంది. అప్పుడు గుర్తుకొచ్చింది, సాకర్ మానేస్తానన్నది కూడా ఒక జులైలోనే. హోమ్‌వర్క్ ఎక్కువైందని చెప్పింది, నేను నమ్మాను.

నేను బయోకెమిస్ట్రీతో బీఎస్సీ చేసినదాన్ని. మెలనిన్ గురించి పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కణం లోపలి డీఎన్‌ఏని పాడుచేస్తాయి. అది గమనించి చర్మం మెలనిన్ తయారుచేసుకుని కాపాడుకోజూస్తుంది. మనం నల్లబడడం అంటే ఇంతే. ఇంత తెలిసీ మా అమ్మ నాతో అన్న మాటే నేను నా కూతురి దగ్గర అన్నాను. పదో తరగతి సెలవుల్లో నా ముఖానికి శనగపిండి, మీగడ రాయని రోజు లేదు. అప్పుడు నాకూ ఇలాగే ఉండేది, కానీ ఎవరితోనూ అనలేదు.

"నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. "ఓకే" అంది, ముఖం పుస్తకంలోంచి ఎత్తకుండానే. హుడీ తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.

ఎండ గురించి అసలు పిల్లలకి ఏమీ చెప్పొద్దని కాదు. మన చర్మమూ కాలుతుంది, పాడవుతుంది. ఇసుక మీద పడ్డ ఆ కిరణాల్లో 15 శాతం దాకా తిరిగి పైకే వస్తాయి కాబట్టి గొడుగు ఒక్కటే చాలదు. సన్‌స్క్రీన్‌లో ఎస్‌పీఎఫ్ 30 రకం ఎండకి కందిపోయేలా చేసే కిరణాల్లో 97 శాతాన్ని ఆపుతుంది, 50 రకం 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ డబ్బు పెట్టే బదులు ధారాళంగా రాసుకుని, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాసుకోవడం మేలు. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం అందరూ మర్చిపోతారు. జింక్ ఉన్నవి మన రంగు మీద తెల్లగా పూత వేసినట్టు కనిపిస్తాయి, అందుకే పిల్లలు రాసుకోరు. కొనేటప్పుడు వాళ్ళనే ఎంచుకోనివ్వండి. పొడుగు చేతుల రాష్ గార్డ్ వేసుకుంటే సగం పని తగ్గుతుంది. ఇవన్నీ చర్మం ఆరోగ్యం గురించి. నేను ఫోన్‌లో అన్నది దాని గురించి కాదని పిల్లకి నాకన్నా బాగా తెలుసు.

సాయంత్రం సన్‌సెట్ బీచ్‌కి వెళ్ళాం. మనది తూర్పు తీరం, సముద్రంలోంచి సూర్యుడు రావడమే చూశాం తప్ప సముద్రంలోకి దిగడం నేను చూడలేదు. న్యూజెర్సీదీ తూర్పు తీరమే, కానీ కేప్ మే కొసన ఉండడం వల్ల పడమటి వైపు డెలావేర్ బే ఉంది. పొద్దున ఒక ఒడ్డున ఉదయం, సాయంత్రం ఇంకో ఒడ్డున అస్తమయం. నీళ్ళలో ఒక పాత ఓడ ముక్క కనిపిస్తుంది. అది సిమెంట్ కాంక్రీటుతో కట్టిన ఓడ, పేరు అట్లాంటస్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఉక్కు కరువై అలా కట్టారు, 1926లో తుఫానుకి కొట్టుకొచ్చి ఇక్కడ ఇరుక్కుంది. ఒడ్డున ఏరుకునే కేప్ మే డైమండ్లు నిజానికి క్వార్ట్జ్ గులకరాళ్ళు. చిన్నవాడు రెండు జేబులూ నింపుకున్నాడు.

చీకటి పడుతుండగా పెద్దదే చూసింది, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్న హార్స్‌షూ క్రాబ్‌ని. గుర్రపు డెక్క ఆకారం, చూడడానికి ఇనప మూకుడు బోర్లించినట్టు. మే, జూన్ నెలల్లో పౌర్ణమికీ అమావాస్యకీ పోటు మీద గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. అల తిరగేస్తే కొన్ని లేవలేక పొద్దున ఎండకి చచ్చిపోతాయి. నేను నోట్సులో ఎన్నిసార్లు రాశానో ఈ జీవి గురించి! దాని రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది, అందుకే గాలి తగిలితే నీలం. ఇంజెక్షన్లలో, వ్యాక్సిన్లలో బాక్టీరియా విషం ఉందో లేదో చూసే పరీక్షకి దాని రక్తకణాలు వాడతారు. డిగ్రీ అయ్యి ఇన్నేళ్ళకి మొదటిసారి కళ్ళతో చూశాను. తోక పట్టుకుని లేపకూడదు, విరిగిపోతుంది, చిప్ప పక్కలు పట్టుకుని తిప్పాలి. నేను చెప్తుంటే పెద్దది హుడీ చేతులు పైకి మడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తిప్పింది. అది నిదానంగా నీళ్ళలోకి పాకింది. చీకట్లో వెతుక్కుంటూ మొత్తం పదకొండు తిప్పాం. "నువ్వు సైన్స్ చదివావని నాకు తెలుసు కానీ..." అని ఆగిపోయింది. ఆ వాక్యం పూర్తి చెయ్యమని నేను అడగలేదు.

రెండో రోజు పది దాకా ఎవరినీ లేపలేదు, అది ముందే ఒప్పుకున్న షరతు. లైట్‌హౌస్ 1859 నాటిది, పై దాకా 199 మెట్లు. నేను సగంలో కూలబడ్డాను, పిల్లలు పైనుంచి నన్ను ఫోటో తీశారు. మధ్యాహ్నం బీచ్‌లో పెద్దది ఏమీ చెప్పకుండా హుడీ తీసి నా ఒళ్ళో పడేసి, రాష్ గార్డ్‌తో నీళ్ళలోకి నడిచింది. గంటన్నర తర్వాత వచ్చింది. వీపు మీద సన్‌స్క్రీన్ రాయమని నన్నే అడిగింది.

ఆ రాత్రి వైల్డ్‌వుడ్ బోర్డ్‌వాక్. కలుసుకునే చోటు చెప్పి, ఇద్దరినీ గంటన్నర వదిలేశాం. జెర్సీ తీరంలో కొన్ని ఊళ్ళలో 18 లోపు పిల్లలు రాత్రి పెద్దలు లేకుండా తిరగకూడదనే నిబంధనలు ఉన్నాయి, వెళ్ళేముందు ఆ ఊరి వెబ్‌సైట్లో చూసుకోండి. మేం బెంచీ మీద కూర్చుని కార్న్ తిన్నాం. పది నిమిషాలు ముందే వచ్చేశారు, డబ్బు అయిపోయిందట.

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ వీడియో కాల్ చేసింది. నేను మాట్లాడుతుంటే పెద్దది వెనకాల ఫ్రిజ్ తీస్తూ కనబడింది.

"ఏవిటే, పిల్ల అలా కమిలిపోయింది? పెళ్ళి పెట్టుకుని..."

నేను నోరు తెరిచేలోపే అది వచ్చి నా భుజం మీంచి తొంగిచూసింది. "అమ్మమ్మా, నల్లబడ్డాను. బావున్నానా?" అంది.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా సర్దిచెప్పబోలేదు.

"కళ్ళద్దాలు పెట్టుకుంటా ఆగు" అంది అమ్మ.