32 గంటలు నో సర్వీస్: డ్రై టోర్టుగాస్ దీవిలో టెంట్ వేసుకున్న రాత్రి ఏ గ్యాడ్జెట్ పనికొచ్చింది?

ఫెర్రీ బయల్దేరిన ముప్పావు గంటకు ఫోన్ పై మూలన ఉండే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. కాసేపటికి ‘నో సర్వీస్’. మా రూమ్మేట్ అయితే ‘అబ్బ, ఇక ఆఫీస్ పింగ్‌లు లేవురా’ అని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం పొట్టలో ఏదో తిప్పినట్టయింది. ఎందుకంటే జనవరిలో రాజమండ్రిలో మా నాన్నకి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి అమ్మ రోజూ పొద్దున ఆరున్నరకి, అంటే ఇక్కడ ఫ్లోరిడాలో నాకు రాత్రి 9 గంటలకి, ఫోన్ చేస్తుంది. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇప్పుడు దాదాపు 32 గంటల పాటు నేను ఫోన్‌కి దొరకను.

టికెట్లు మాత్రం నెలల ముందే బుక్ చేసేశాం. క్యాన్సిల్ చేద్దామనుకుంటే అమ్మే ఒప్పుకోలేదు. ‘నువ్వు అక్కడ కూర్చుంటే ఇక్కడ బీపీ తగ్గుతుందా? వెళ్లిరా’ అంది. సరే అని బయల్దేరాం. కాబట్టి ఇది మామూలు ‘టాప్ 10 క్యాంపింగ్ గ్యాడ్జెట్స్’ లిస్ట్ కాదు. సిగ్నల్, కరెంటు, మంచినీళ్లు, మూడూ లేని చోట ఒక రోజున్నర ఉంటే మన చేతిలో ఉన్న ఎలక్ట్రానిక్స్‌లో ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది బరువు తప్ప ఇంకేం కాదు అన్నది నేను చూసినంతవరకు చెప్తాను.

అసలు ఇదెక్కడుంది?

అమెరికా మ్యాప్‌లో ఫ్లోరిడా చివర కీ వెస్ట్ అనే ఊరు ఉంటుంది. అక్కడి నుంచి పడమరగా ఇంకో 70 మైళ్లు, అంటే సుమారు 113 కిలోమీటర్లు, సముద్రంలోకి వెళ్తే డ్రై టోర్టుగాస్ నేషనల్ పార్క్ వస్తుంది. ఏడు చిన్న దీవులు, మిగతాదంతా నీళ్లే. రోడ్డు లేదు. ఫెర్రీలోనో, సీప్లేన్‌లోనో, సొంత బోట్‌లోనో వెళ్లాలి. ఫెర్రీ ఉదయం 8 గంటలకి బయల్దేరి రెండుంపావు గంటల్లో గార్డెన్ కీ దీవికి చేరుస్తుంది. మధ్యాహ్నం 3 గంటలకి తిరిగి వెళ్లిపోతుంది. డే ట్రిప్ వాళ్లంతా అందులో వెళ్లిపోతే దీవిలో మిగిలేది మనలాంటి క్యాంపర్లు, కొద్దిమంది పార్క్ సిబ్బంది, లెక్కలేనన్ని పక్షులు.

1513లో స్పెయిన్ నావికుడు పోన్స్ డి లియోన్ ఇక్కడ బోలెడు సముద్ర తాబేళ్లు చూసి ‘టోర్టుగాస్’ అన్నాడట. స్పానిష్‌లో తాబేళ్లు అని. తర్వాత మంచినీళ్లు లేవని మిగతా నావికులకి తెలియడానికి ‘డ్రై’ చేరింది. దీవి నిండా ఫోర్ట్ జెఫర్సన్ అనే ఆరు పలకల ఇటుక కోట ఉంది. 1846లో మొదలుపెట్టి, కోటీ 60 లక్షలకు పైగా ఇటుకలు వాడి, దాదాపు 30 ఏళ్లు కట్టినా పూర్తి చేయలేకపోయారు. వాననీళ్లు పట్టుకోవడానికి అడుగున తొట్లు కడితే, కోట బరువుకి అవి పగిలి ఉప్పునీళ్లు దిగాయి. డిజైన్ రివ్యూలో లోడ్ లెక్క తప్పితే ఏమవుతుందో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నేను చూడలేదు.

బ్యాగ్ సర్దేటప్పుడే సగం పరీక్ష

ఫెర్రీలో గ్యాస్ సిలిండర్లు, లైటర్ ఫ్లూయిడ్ లాంటి ఇంధనాలు ఎక్కనివ్వరు. దానంతట అదే అంటుకునే బొగ్గు మాత్రం తీసుకెళ్లొచ్చు. కాబట్టి నేను మోజుపడి కొన్న బుల్లి గ్యాస్ స్టవ్ ఇంట్లోనే ఆగిపోయింది. దాని బదులు రాత్రే పులిహోర కలిపేశాం. మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. మేం కాస్త ఎక్కువే తీసుకెళ్లాం. అదే తర్వాత మమ్మల్ని కాపాడింది.

డ్రోన్ ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్ ఎగరేయడం నిషేధం. ఆ కోటని పైనుంచి తీస్తే షాట్ అదిరిపోతుంది, నిజమే. కానీ కుదరదు, ఇంట్లో వదిలేయండి.

పవర్ బ్యాంక్ లెక్క: 20,000 అంటే 4 ఛార్జులు కాదు

మా దగ్గర ఉన్నది 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. ఫోన్ బ్యాటరీ 5,000. కాబట్టి నాలుగు ఫుల్ ఛార్జులు అనుకుంటాం కదా? కాదు. ఆ 20,000 లెక్క లోపలి సెల్ వోల్టేజ్ 3.7 దగ్గర చెప్పేది. అంటే 74 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకో 9 వోల్టులకో పెంచడం, ఫోన్ లోపల మళ్లీ తగ్గించడం, మధ్యలో కేబుల్, వేడి. ఇవన్నీ పోగా చేతికొచ్చేది సుమారు 50. ఫోన్‌కి ఒక ఫుల్ ఛార్జ్ అంటే 19 వాట్ అవర్లు. మొత్తం రెండున్నర ఛార్జులు. ఇద్దరికి ఒక రాత్రికి చాలు, కానీ దాచుకుని వాడాలి.

దాచుకోవడానికి సులువైన మార్గం ఏరోప్లేన్ మోడ్. సిగ్నల్ లేని చోట ఫోన్ ఊరికే ఉండదు, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. బ్యాటరీ తినేది అదే. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే ఫోన్ శాటిలైట్లకి ఏమీ పంపదు, వాటి మాట వింటుందంతే. కాకపోతే నెట్ ఉన్నప్పుడు శాటిలైట్ల కక్ష్య వివరాలు సర్వర్ నుంచి టక్కున వస్తాయి. నెట్ లేకపోతే అదే డేటాని శాటిలైట్ నుంచే సెకనుకు 50 బిట్ల వేగంతో దించుకోవాలి. అందుకే మొదటిసారి లొకేషన్ దొరకడానికి అరనిమిషమో ఇంకాస్తో పడుతుంది. ‘జీపీఎస్ పోయింది’ అని కంగారు పడి రీస్టార్ట్ చేయకండి. ఫోన్‌ని ఆకాశం కనిపించేలా పట్టుకుని ఆగండి, చాలు. మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మడతపెట్టే 20 వాట్ల సోలార్ ప్యానెల్ కూడా తెచ్చాం. నా యూఎస్‌బీ మీటర్‌లో మిట్టమధ్యాహ్నం కనిపించిన గరిష్ఠం 13 వాట్లు. మొదట ఫోన్‌ని నేరుగా దానికి తగిలించి పక్కనే ఎండలో పెట్టాను. పది నిమిషాల్లో ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ ఆపేసింది. తర్వాత పవర్ బ్యాంక్‌ని ప్యానెల్ కింద నీడలో పెట్టి ఎక్కించాం. సరిగ్గా నడిచింది. పగలు పవర్ బ్యాంక్‌కి, రాత్రి పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కి. ఇదే పద్ధతి.

నేను చేసిన తెలివితక్కువ పని

కోట చుట్టూ కందకం గోడ ఉంటుంది. దాని బయట స్నార్కెలింగ్ చేస్తే రంగురంగుల చేపలు కనిపిస్తాయి. ఐపీ68 ఫోన్ కదా అని నేరుగా నీళ్లలో పెట్టి వీడియో తీశాను. ఐపీ68 పరీక్ష చేసేది మంచినీళ్లలో. ఉప్పునీళ్లకి ఆ హామీ లేదు. బయటికొచ్చి కేబుల్ పెట్టగానే ‘పోర్ట్‌లో తేమ ఉంది’ అని హెచ్చరిక, ఛార్జింగ్ బంద్. ఉప్పునీరు విద్యుత్తుని బాగా పోనిస్తుంది. ఆ తడి మీద కరెంటు పంపితే పోర్ట్ లోపలి పిన్నులు తుప్పు పట్టిపోతాయి. కాబట్టి ఫోన్ చెప్పింది వినాల్సిందే.

మందు ఏమిటంటే, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టడం. మంచినీళ్లే లేని దీవిలో! తాగే నీళ్లలో ఒక గ్లాసు ఫోన్‌కి పోశాను. మా రూమ్మేట్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రంతా వాడి వైర్‌లెస్ పవర్ బ్యాంక్ వీపుకి అంటించే ఫోన్ బతికించాను. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో కరెంటు చాలా వృథా అవుతుందని ఇన్నాళ్లూ వెటకారం చేసేవాణ్ణి. ఇక చేయను.

రాత్రి 9 గంటలు

ఇక అసలు సంగతి. ఒక ఫ్రెండ్ దగ్గర గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 అరువు తెచ్చాను. బరువు 100 గ్రాములు. ఇది ఇరిడియం శాటిలైట్లతో మాట్లాడుతుంది. భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే 66 శాటిలైట్ల నెట్‌వర్క్ అది. ప్రపంచంలో ఎక్కడున్నా చిన్న టెక్స్ట్ మెసేజ్ పంపొచ్చు, అందుకోవచ్చు. ఫొటో, కాల్ లాంటివి ఇందులో కుదరవు.

మధ్యాహ్నం కోట లోపల ఇటుక కమాను కింద నిలబడి టెస్ట్ మెసేజ్ పంపాను. పోలేదు. పది నిమిషాలైనా పోలేదు. నాకు చెమటలు పట్టాయి. తర్వాత వెలిగింది, అన్ని అడుగుల మందం ఇటుక నెత్తిన పెట్టుకుని శాటిలైట్ ఎలా దొరుకుతుంది? ఒడ్డుకొచ్చి తెరిపి ఇసుకలో పెట్టగానే వెళ్లిపోయింది. ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి బయట పెట్టి పరీక్షించి ఉంటే ఆ చెమట పట్టేది కాదు.

ప్లాన్ ఇది. అమ్మ యథాప్రకారం ఆరున్నరకి ఫోన్ చేస్తుంది, కానీ నాకు కాదు, డల్లాస్‌లో ఉన్న మా అక్కకి. అక్క ఇన్‌రీచ్‌కి మెసేజ్ పెడుతుంది. ఇంకోటి కూడా ముందే మాట్లాడుకున్నాం. నా నుంచి ఏమీ రాకపోతే కంగారు పడొద్దు, ఆదివారం సాయంత్రం 6 దాటినా రాకపోతేనే పార్క్ వాళ్లకి ఫోన్ చేయాలి. ఫెర్రీ టైమ్, దీవి పేరు, పార్క్ నంబర్ అక్కకి రాసిచ్చాను.

తొమ్మిదైంది. పులిహోర తిన్నాం. పక్కనున్న బుష్ కీ దీవి మీద సూటీ టెర్న్ పక్షులు ఒకటే గోల. చీకటి పడ్డాక కూడా ఆపవు. మెసెంజర్‌ని ఇసుకలో ఆకాశం వైపు పెట్టి కూర్చున్నాను. తొమ్మిదింబావు. ఏమీ లేదు. తొమ్మిదిన్నర. ఏమీ లేదు. ఆ కోటలో ఒకప్పుడు లింకన్ హత్య కేసులో శిక్షపడ్డ డాక్టర్ శామ్యూల్ మడ్ లాంటి ఖైదీలు ఉండేవారని పగలు బోర్డు మీద చదివాను. ఓడ వస్తే ఇంటి కబురు, లేకపోతే లేదు. నాకు అరగంటకే ప్రాణం పోయినంత పనైంది.

9:40కి బీప్ అంది. ఇంగ్లిష్ అక్షరాల్లో అక్క తెలుగు: ‘నాన్న వాకింగ్‌కి వెళ్లి వచ్చారు. బీపీ నార్మల్. అమ్మ లేటుగా చేసింది, పాలవాడు రాలేదట. పులిహోర పాడవలేదా అని అడుగుతోంది.’

నేను ‘పాడవలేదు’ అని పంపి వెళ్లి పడుకున్నాను.

నాలుగింటికి లేవండి

తెల్లవారుజామున 4 గంటలకి అలారం పెట్టుకున్నాం. అమావాస్య దగ్గరపడ్డ వారం. దక్షిణాన వృశ్చికం, అందులో ఎర్రగా జ్యేష్ఠ నక్షత్రం, దాని పక్కనుంచి పాలపుంత. హైదరాబాద్‌లో పెరిగిన మా వాడు దాన్ని మేఘం అనుకున్నాడు. 2019లో పిక్సెల్ 4తో గూగుల్ తెచ్చిన ఆస్ట్రోఫొటోగ్రఫీ మోడ్ లాంటివి ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నాయి. పదహారు సెకన్ల చొప్పున చాలా ఫ్రేములు తీసి, నక్షత్రాల కదలిక సరిచేసి ఒకటిగా కలుపుతాయి. మొత్తం నాలుగు నిమిషాలు ఫోన్ కదలకూడదు. ట్రైపాడ్ తేలేదు, పులిహోర డబ్బాకి ఆనించి తీశాం. బాగానే వచ్చింది.

హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైట్ ఉన్నది కొనండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్ల లైట్ పడితే మళ్లీ మొదటికి. పైగా వేసవిలో ఇక్కడి ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. తెల్ల వెలుతురుకి పిల్ల తాబేళ్లు సముద్రం ఎటుందో తెలియక దారి తప్పుతాయి.

ఇంతకీ వెర్డిక్ట్

తప్పకుండా: పవర్ బ్యాంక్, ఆఫ్‌లైన్ మ్యాప్, ఎర్ర లైట్ హెడ్‌ల్యాంప్, వాటర్‌ప్రూఫ్ పౌచ్, శాటిలైట్ మెసెంజర్. అమెరికాలో ఉండి ఐఫోన్ 14 లేదా ఆ తర్వాతది ఉంటే శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ ఫోన్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి, గట్టి మూతున్న స్టీల్ డబ్బా. నవ్వకండి. దీవిలో ఎలుకలున్నాయి. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన చిప్స్ పొద్దునకి లేవు. స్టీల్ డబ్బాలో పులిహోర క్షేమం.

ఒక రాత్రికైతే అక్కర్లేదు: సోలార్ ప్యానెల్, బ్లూటూత్ స్పీకర్. ఆ పక్షుల ముందు స్పీకర్ దండగ.

జాగ్రత్త: ఇండియాలో శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. తెలియక తెచ్చి ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడ్డ టూరిస్టులున్నారు. సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు బ్యాగ్‌లో మర్చిపోకండి. ఇక్కడి ట్రెక్‌లకైతే ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పుడు వస్తాం, ఎప్పటిదాకా కంగారు పడొద్దు అన్న మూడు లైన్లు ఇంట్లో రాసివ్వండి. దానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం 5కి కీ వెస్ట్ దగ్గరపడుతుండగా సిగ్నల్ వచ్చింది. నోటిఫికేషన్లు వరసగా రాలాయి. ఇంటికి ఫోన్ చేద్దామని నంబర్ తీసి టైమ్ చూశాను. రాజమండ్రిలో తెల్లవారుజామున 2:30. ఫోన్ జేబులో పెట్టేసి అక్కకి ‘వచ్చేశాం’ అని మెసేజ్ పెట్టాను. అమ్మ ఫోన్ ఎలాగూ 9 గంటలకి వస్తుంది.