మీకు తెలుసా? డిచ్‌పల్లి డాక్టరుగారి అడవి

ఇంగ్లిష్ సాహిత్యంలో పెద్ద విషాదాలు తరచూ జనం లేని చోటే ముదురుతాయి. షేక్‌స్పియర్ తన లియర్ రాజును గాలివానలో బయలు మీదికి తోలాడు. థామస్ హార్డీ 1878 నాటి నవలలో ఎగ్డన్ బీడునే ఒక పాత్రను చేశాడు.

మన తెలుగులో అలాంటి నవల ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన చూడిపందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన బల్లెం పట్టుకుని అడవిలోకి వెళ్తాడు. పంది ఈనింది, పిల్లల దగ్గరికి ఆయన్నే రానివ్వదు. చుట్టూ నక్కలు. కాపాడబోయిన పందిని చివరికి ఆయనే పొడవాల్సి వస్తుంది.

రచయిత డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) పుట్టింది చిత్తూరు జిల్లాలో. కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ బతుకంతా గడిపింది మాత్రం ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో, డిచ్‌పల్లి విక్టోరియా ఆస్పత్రిలో.