కత్తిపీట మీద నల్ల మరక

రండర్రా, ఆ ఫోన్లు అవతల పెట్టి ఇలా కూర్చోండి. అమ్మమ్మ వేపుడుకి అరటికాయలు తరుగుతోంది. ఆ కత్తిపీటని కాస్త పరకాయించి చూడండి. పాతకాలపు ఇనప కత్తిపీట. పొద్దున్న చింతపండు పెట్టి తోమితే తళతళలాడింది. రెండు కాయలు తెగేసరికి ఎలా నల్లబడిపోయిందో చూడండి! అమ్మమ్మ వేళ్ళకీ అదే మరక.

"అది మురికి తాతయ్యా" అంది చిట్టి.

మురికి కాదమ్మా, కెమిస్ట్రీ. పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేసినట్టుంటుందే, ఆ వగరుకి కారణం టానిన్లు అనే పదార్థాలు. అవి ఇనుముని పట్టుకుంటే నల్లరంగు పుడుతుంది. మా తాతగారికి టానిన్ అనే పేరు తెలీదు గానీ ఈ పని బాగా తెలుసు. కరక్కాయలు నలగ్గొట్టి నానబెట్టి, ఆ కషాయంలో అన్నభేది కలిపేవారు. చూస్తూండగానే నల్లటి సిరా తయారు! కరక్కాయది వగరు, అన్నభేదిది ఇనుము. లేతాకుపచ్చ పటికబెల్లంలా ఉండే ఆ అన్నభేదినే కెమిస్టులు ఫెర్రస్ సల్ఫేట్ అంటారు. చిట్టీ, మీ బళ్ళో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు కదా, అందులో ఉండేదీ సాధారణంగా అదే.

ఇప్పుడు చెప్పండి. ఆ మాత్ర మింగి, వెంటనే గ్లాసుడు టీ తాగితే కడుపులో ఏం తయారవుతుంది?

"సిరా!" అని అరిచాడు బుజ్జిగాడు.

అచ్చంగా సిరా బుడ్డి కాదనుకో, కానీ జరిగేది ఆ బాపతే. టీ వగరులో ఉన్నవీ టానిన్ల జాతివే. భోజనంతో పాటు టీ తాగితే, ఆకుకూరల నుంచీ పప్పుల నుంచీ మన ఒంట్లోకి చేరాల్సిన ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చని ప్రయోగాల్లో తేలింది. తోటకూర తిన్నాం కదా అని మనం ధీమాగా ఉంటాం. ఇనుమేమో టీ చేతికి చిక్కి అటునుంచి అటే బయటికి పోతుంది.

మన భాషలో ఓ మంచి మాట ఉంది: ఒంటబట్టడం. తినడం ఒక ఎత్తు, తిన్నది ఒంటబట్టడం ఒక ఎత్తు. మొన్న టీవీలో ప్రకటన చూసి "మనమూ రోజూ విటమిన్ మాత్రలు వేసుకుందాం తాతయ్యా" అన్నావు కదరా బుజ్జీ, దానికి జవాబు ఈ ఒక్క మాటలో సగం ఉంది.

మిగతా సగం వంటింట్లో ఉంది. పప్పు దించాక అమ్మమ్మ నిమ్మచెక్క పిండుతుంది, గమనించారా? పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుందని ఆవిడ మాట. సైన్సు ఇంకో కారణం చేరుస్తుంది: నిమ్మలోని విటమిన్ సి వేడికి ఆగదు. మొక్కల్లో ఉండే ఇనుము చాలావరకు మన పేగు గోడ దాటలేని రూపంలో ఉంటుంది. విటమిన్ సి దానికి ఒక ఎలక్ట్రాన్‌ని అందించి దాటగలిగే రూపంలోకి మారుస్తుంది. వాకిట్లో మొహమాటపడుతూ నిలబడ్డ చుట్టాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చినట్టు. అయితే ఇద్దరూ ఒకే వేళకి గుమ్మం దగ్గర ఉండాలి. పొద్దున్న నిమ్మరసం తాగి రాత్రి తోటకూర తింటే ఈ సాయం అందదు. నిమ్మ లేకపోతే భోజనం చివర జామకాయ ముక్క తిన్నా సరే. జామలో విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ. మాంసం, చేపలు తినేవాళ్ళకి వాటిలోని ఇనుము కొంత ఇంత బతిమాలించుకోకుండానే లోపలికొస్తుంది.

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి ఇనుము లోటు ఒక్కటే కారణం కాదు. ఫోలిక్ ఆమ్లం, బి12 తక్కువైనా రక్తం తగ్గుతుంది.

ఫోలిక్ ఆమ్లం అన్నాక మన తెలుగువాడి పేరు చెప్పకపోతే ఎలా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని జబ్బు అది! అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలలో 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఆయనే. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. పాలకూర ఆకుల్లోంచి వేరుచేశారు కాబట్టి ఆ పేరు. ఆకుకూర అంటే ఎలా మొహం తిప్పుకుంటావో కదరా బుజ్జీ! ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఈ విటమిన్ నీళ్ళలో కరిగిపోతుంది. అందుకని ఆకుకూర కడిగి తరగాలి గానీ తరిగి కడగకూడదు.

"అయితే బియ్యం కూడా అంతేనా?" చిట్టికి వెంటనే అనుమానం.

అడగాల్సింది అడిగావమ్మా. దానికో కోళ్ళ కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరుండేవాడు. బెరిబెరి అనే జబ్బు మీద ఆయన పరిశోధన. కాళ్ళు చచ్చుబడిపోయే జబ్బు. ఉన్నట్టుండి ఆయన కోళ్ళు కూడా కాళ్ళు తడబడి పడిపోవడం మొదలుపెట్టాయి. కొన్నాళ్ళకి వాటంతట అవే బాగుపడ్డాయి. ఏమిటా అని ఆరా తీస్తే తేలిందిది. కోళ్ళని చూసే మనిషి మిలిటరీ ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లటి పాలిష్ బియ్యపన్నం తెచ్చి వేసేవాడు. తరవాత వచ్చిన వంటవాడు, మిలిటరీ అన్నం సివిల్ కోళ్ళకి ఎందుకు పెట్టాలని ఆపేశాడు. కోళ్ళకి మళ్ళీ పాలిష్ పట్టని బియ్యం దొరికాయి, జబ్బు కుదిరింది. మందు తవుడులో ఉందన్నమాట! దానినే మనం ఇప్పుడు విటమిన్ బి1 అంటున్నాం. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం పుట్టిందే. 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది.

మిల్లులో తవుడు పోగా మిగిలిన కాస్త బి1నీ మనం బియ్యం నాలుగుసార్లు రుద్ది రుద్ది కడిగి కుడితి తొట్లో పోస్తున్నాం. గేదె బలంగా ఉంటోంది. అందుకే శుభ్రమైన బియ్యం అయితే ఒకటి రెండుసార్లు తేలిగ్గా కడిగితే చాలు. ఉప్పుడు బియ్యమైతే ఇంకా నయం. వడ్లని నానబెట్టి ఉడికించినప్పుడే పైపొరలోని విటమిన్ గింజలోకి దిగిపోతుంది, మిల్లుకి చిక్కదు.

ఇక పప్పన్నం సంగతి. మాంసకృత్తులంటే ప్రొటీన్లే. అవి అమైనో ఆమ్లాలతో అల్లిన గొలుసులు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. ఏది ఒంటరిగా తిన్నా గొలుసు ఎక్కడో తెగుతుంది. రెండూ కలిస్తే జోడెడ్ల బండి. ఒకటి లాగలేని చోట రెండోది లాగుతుంది. ఇడ్లీ, పొంగలి, పెసర పులగం, అన్నిటిలోనూ ఆ జోడీనే. పప్పన్నంలో నెయ్యి చుక్క కూడా దండగ కాదు. మునగాకు, కరివేపాకుల్లోంచి విటమిన్ ఏ తయారవ్వాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. కూరలో కరివేపాకుని తీసి అవతల పారేసేవాళ్ళకి అది ఎలాగూ దక్కదనుకోండి. వాళ్ళ కోసమే మీ అమ్మమ్మ కరివేపాకు పొడి చేసి సీసాలో పెట్టింది.

జోడీ కుదిరినా మన ఇళ్ళలో ఒక లోపముంది. అన్నం కొండంత, పప్పు గోరంత! జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు కావలసిన మనిషికి వండకముందు తూకంలో ఇంత ఉండాలంది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసాహారం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇన్ని అంకెలు గుర్తుండకపోతే దోసిలి లెక్క పెట్టుకోండి. మూడు దోసిళ్ళ బియ్యానికి ఒక దోసిలి పప్పు పడాలి, పచ్చి కూరగాయల తూకం బియ్యం తూకాన్ని మించి ఉండాలి. ఈ లెక్కన ముందు మన కంచంలో మారాల్సింది అన్నం ముద్ద సైజు.

"అయితే మాత్రలు అక్కర్లేదా తాతయ్యా?"

అందరికీ అక్కర్లేదు. కొందరికి తప్పనిసరి. గర్భిణులు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మానకూడదు. రక్తం తక్కువని డాక్టరు చెప్పినవాళ్ళూ అంతే. బి12 అయితే మొక్కల్లో దాదాపు ఉండదు. శాకాహారులకి పాలు, పెరుగే దిక్కు. అవి కూడా ముట్టనివాళ్ళు, నాలాంటి వయసు మళ్ళినవాళ్ళు డాక్టరుని అడిగి పరీక్ష చేయించుకోవాలి. వయసుతో పాటు కడుపులో ఆమ్లం తగ్గి బి12 సరిగా ఒంటబట్టదు. నాకు పోయినేడే తక్కువని తేలింది. రోజూ రాత్రి నేను వేసుకునే ఆ చిన్న మాత్ర అదే. నిన్ను వద్దని నేను దొంగచాటుగా మింగుతున్నానని అనుకోకు!

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళు ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెయ్యి కడుక్కోగానే టీ తాగేవాణ్ణి. కత్తిపీట మీద మరక రోజూ చూస్తూనే, ఆ వగరే నా కప్పులో ఉందన్న ఊహ తట్టలేదు. ఇప్పుడు భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం పెడుతున్నాను.

అదిగో, అమ్మమ్మ పిలుస్తోంది. ఇవాళ తోటకూర పప్పు, అరటికాయ వేపుడు, పెరుగు. చిట్టీ, ఆ నిమ్మకాయ కోసి పట్రా. చదివే మీకూ ఇదే నా మనవి: కొత్తగా ఏదీ కొనకండి. పప్పు మీద నిమ్మ పిండండి, టీ గంట ఆగి తాగండి, ఓ గరిట అన్నం తగ్గించి ఓ గరిట పప్పు ఎక్కువ వేసుకోండి.