గడియ పడితేనే బనీను

ఉష్ణం పాఠం అయిపోయాక తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి అడిగాడు: "సార్, ఎండాకాలంలో బనీను వేసుకుంటే చల్లగా ఉంటుందా, ఇంకా ఉక్కపోస్తుందా? వేసుకోకుండా బయటికెళ్తే మా తాతయ్య ఊరుకోడు. మా అన్నయ్యేమో రెండు పొరలెందుకురా అంటాడు." క్లాసు క్లాసంతా మాట్లాడ్డం మొదలుపెట్టింది. తాతల పక్షం కొందరు, అన్నల పక్షం ఇంకొందరు. జవాబు చెప్పాలంటే ముందు ఆ గుడ్డ ఎలా తయారైందో చూడాలి. నాకు అసలు ఇష్టమైన కథ అక్కడే ఉంది.

పాత బనీను ఒకటి తీసుకుని చంక కింది నుంచి అంచు దాకా వేలితో తడిమి చూడండి. మామూలు తెల్ల బనీన్లలో చాలావాటికి పక్క కుట్టు తగలదు. చొక్కాకు రెండు పక్కలా కుట్లుంటాయి, దీనికి లేవు. ఈ గుడ్డ మగ్గం మీద తానుగా కాక, యంత్రం మీద గొట్టంగా పుట్టింది. దాన్ని నిలువునా చీల్చకుండా అలాగే మెడా చంకలూ కత్తిరించి, భుజాలు కలిపి, అంచులకు పట్టీ వేస్తే బనీను అయిపోతుంది.

ఇప్పుడు భూతద్దం పెట్టండి. పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం లూపులు లూపులుగా వంగి పోతుంటుంది, కింది వరస లూపులోంచి పై వరస లూపు బయటికి వస్తుంది. ముందువైపు చూస్తే వీ అక్షరాల నిలువు వరసలు, తిరగేస్తే అడ్డంగా చిన్న చిన్న విల్లులు. గుడ్డను పట్టి లాగితే దారం సాగదు, లూపు ఆకారం మారుతుంది. నిలువుగా ఉన్న లూపు వెడల్పవుతుంది, వదిలేస్తే చాలావరకు మళ్లీ సర్దుకుంటుంది. గుండీ లేకుండా ఇంత సన్నటి మెడలోంచి తల దూరేది అందుకే. ఎక్కడైనా ఒక్క లూపు తెగితే దాని మీద ఆధారపడ్డ అదే నిలువు వరసలోని లూపులు ఒకదాని వెంట ఒకటి ఊడిపోయి నిచ్చెన దిగేదీ అందుకే.

చేత్తో అల్లేవాళ్లు ఒక్కో లూపును విడివిడిగా తీస్తారు. లూపులన్నిటినీ ఒకేసారి తీసే యంత్రాన్ని మొదట చేసినవాడు విలియం లీ. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్ గ్రామం, 1589. అతని ఆలోచన ధైర్యమైంది: ప్రతి లూపుకూ ఒక సూది ఉండాలి. ఆ సూది కొసను వెనక్కి వంచి పొడుగాటి కొక్కెంలా చేశాడు, అది స్ప్రింగులా వంగుతుంది. కొక్కెంలో కొత్త దారం పడ్డాక పైనుంచి ఒక కడ్డీ వచ్చి కొసలన్నిటినీ నొక్కుతుంది. కొస సూదిలోని గాడిలోకి దిగి కొక్కెం మూసుకుంటుంది, పాత లూపు దాని మీదుగా జారి బయటపడుతుంది. ఎలిజబెత్ రాణి అతనికి పేటెంటు ఇవ్వలేదు. చేతి అల్లికతో పొట్ట పోసుకునేవాళ్లు వీధిన పడతారని ఆమె భయపడిందని చెబుతారు. లీ ఫ్రాన్సుకు వెళ్లాడు, అక్కడా కలిసి రాలేదు, ఆ దేశంలోనే పోయాడు. అతని సూది మాత్రం రెండున్నర శతాబ్దాల పాటు ఎదురులేకుండా రాజ్యమేలింది.

దానికి పోటీగా వచ్చిన సూదంటే నాకు వల్లమాలిన అభిమానం. అలాంటి ఊహ ఫ్రాన్సులో 1806లోనే జాందో అనే ఆయన పేటెంటులో ఉంది కానీ వాడకంలోకి రాలేదు. 1840ల ఆఖర్లో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణపు వ్యాపారి మాథ్యూ టౌన్‌షెండ్ దాన్ని పనికొచ్చేలా చేశాడు. పేరు లాచ్ నీడిల్, అంటే గడియ ఉన్న సూది. పొట్టి కొక్కెం, దాని కింద సూది ఒంటికే బిగించిన చిన్న నాలుక. ఆ నాలుక సన్నటి ఇరుసు మీద పైకీ కిందికీ ఊగుతుంది. పైకి లేస్తే కొక్కెం మూసుకుంటుంది, కిందికి వాలితే తెరుచుకుంటుంది.

ఈ నాలుకను ఎవరు తిప్పాలి? ఇక్కడే నేను ప్రతిసారీ ఆగిపోతాను. దాన్ని తిప్పడానికి వేరే కడ్డీ లేదు, స్ప్రింగు లేదు. సూది పైకి లేస్తుంది. కొక్కెంలో ఉన్న పాత లూపు అలాగే నిలబడి ఉంటే సూది దాన్ని దాటుకుని పైకి వస్తుంది, అంటే లూపు సూది వెంబడి కిందికి జారుతున్నట్టే. జారుతూ నాలుకను కిందికి తోసి, దాన్ని కూడా దాటి సూది ఒంటి మీద ఆగుతుంది. గడియ తెరుచుకుంది. తెరిచిన కొక్కెంలో కొత్త దారం పడుతుంది. సూది కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఇప్పుడు అదే పాత లూపు నాలుకకు కింది వైపు నుంచి తగిలి దాన్ని పైకి లేపి కొక్కేన్ని మూసేస్తుంది, కొత్త దారం లోపల చిక్కుతుంది. సూది ఇంకా దిగుతుంది, పాత లూపు మూసిన కొక్కెం మీదుగా జారి తల దాటి బయటపడుతుంది. అది తల దాటేసరికి కొత్త దారం దానిలోంచి కొత్త లూపై ఇవతలికి వచ్చేసింది. తలుపు తీసిందీ, వేసిందీ ఆ గుడ్డే. అల్లబడుతున్న వస్తువే అల్లే యంత్రానికి చెయ్యి అయింది. సూదికి మిగిలిన పని పైకి లేవడం, కిందికి దిగడం, అంతే.

లీ సూది పక్షం వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్లకూ బలమైన కారణాలున్నాయి. లీ సూది ఒకే తీగ ముక్క, చౌక. దాన్ని చాలా సన్నగా చెయ్యొచ్చు, దాని మీద వచ్చే లూపులు చక్కగా ఒకే కొలతలో ఉంటాయి. లాచ్ నీడిల్‌లో ఇరుసు అరుగుతుంది, నాలుక వంగుతుంది, ఖరీదూ ఎక్కువే. 1864లో విలియం కాటన్ (మన గోదావరి ఆనకట్ట కాటన్ దొర కాదు, వేరే ఆయన) తెచ్చిన పేరున్న మేజోళ్ల యంత్రం లీ సూదితోనే నడిచింది. నాణ్యత చూసేవాళ్లకు లీ సూది, వేగం చూసేవాళ్లకు టౌన్‌షెండ్ సూది అన్నట్టు చాలాకాలం సాగింది.

బనీను విషయంలో గెలుపు టౌన్‌షెండ్‌ది, గెలిపించింది గుండ్రటి యంత్రం. మార్క్ బ్రూనెల్ 1816లోనే ఇంగ్లండులో గుండ్రంగా అల్లే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. లాచ్ నీడిల్ దానితో కలిశాక అసలు సొగసు బయటపడింది. ఇనుప సిలిండరు చుట్టూ నిలువు గాళ్లు, ఒక్కో గాడిలో ఒక్కో సూది. ప్రతి సూదికీ కాలి దగ్గర చిన్న మడమ. చుట్టూ కదలని కేమ్‌లు, అంటే ఎత్తుపల్లాల బాట. సిలిండరు తిరుగుతుంటే మడమలు ఆ బాట మీద ఎక్కి దిగుతాయి, సూదులు ఒకదాని వెనక ఒకటి లేచి పడతాయి. 18 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 సూదులు ఉన్న సిలిండరులో సుమారు 1,350 సూదులుంటాయి. మిషన్ నడుస్తుంటే ఒక్క సూదిని పట్టి చూడటం కంటికి సాధ్యం కాదు, చుట్టూ తిరిగే అల ఒక్కటే కనిపిస్తుంది. కింద గొట్టం గుడ్డ ఎక్కడా తెగకుండా దిగుతూనే ఉంటుంది. సిలిండరు వ్యాసం మారిస్తే గొట్టం చుట్టుకొలత మారుతుంది. 80, 85, 90 అని లేబుల్ మీద ఛాతీ కొలత సెంటీమీటర్లలో ఉంటుంది కదా, ఒక్కో కొలతకు ఒక్కో సిలిండరు పెట్టుకుంటే పక్క కుట్టుతో పని లేదు.

ఈ గుడ్డకు ఒక అవలక్షణం ఉంది. కత్తిరించిన అంచు చాపలా చుట్టుకుపోతుంది. ముందు వైపు, వెనక వైపు లూపుల బిగువు ఒకటి కాకపోవడమే కారణం. దీనికి విరుగుడు టౌన్‌షెండ్ కన్నా ముందే దొరికింది. ఇంగ్లండులోని డెర్బీలో జెడెడయా స్ట్రట్ 1758, 1759 సంవత్సరాల్లో లీ యంత్రానికి రెండో సూదుల వరస చేర్చాడు. ఒక వరస లూపును ముందుకు లాగితే రెండోది వెనక్కి లాగుతుంది. రెండు బిగువులూ సరిపోతాయి, అంచు చుట్టుకోదు, అడ్డంగా బాగా సాగుతుంది. దాన్నే రిబ్ అంటారు. మన బనీన్లలో నిలువు చారలు తేలినట్టు కనబడేవి ఈ స్ట్రట్ సంతానమే.

కత్తిరించి కుట్టడం మీద ఒకప్పుడు రక్తం పారింది కూడా. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు కార్మికులు అల్లిక మగ్గాలు పగలగొట్టారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, వెడల్పుగా అల్లిన గుడ్డను కోసి నాసిరకం మేజోళ్లు కుడుతున్నారని. పార్లమెంటు 1812లో మగ్గాలు పగలగొట్టడానికి ఉరిశిక్ష పెట్టింది, కవి బైరన్ ప్రభువుల సభలో తన తొలి ప్రసంగంలోనే ఆ బిల్లును ఎదిరించాడు. ఆ కార్మికులు ద్వేషించిన కోసి కుట్టే పద్ధతిలోనే ఇప్పుడు లోకంలోని బనీన్లు చాలావరకు తయారవుతున్నాయి.

ఇక కుర్రాడి ప్రశ్న. లూపుల మధ్య గాలి నిలుస్తుంది. కదలని గాలి వేడిని సరిగ్గా మోయలేదు, నీరు దానికన్నా 20 రెట్లకు పైగా బాగా మోస్తుంది. నార్వే సైనికాధికారి హెన్రిక్ బ్రూన్ 1933లో చేపల వలతో బనీను చేయించాడు. పెద్ద కన్నాల్లో గాలి నిలిచి చలి కాచింది, 1953 ఎవరెస్టు బృందం కూడా అలాంటి వల బనీన్లు తొడుక్కుంది. పైన చొక్కా బిగించి ఉంటేనే ఆ గాలి నిలుస్తుంది. చొక్కా విప్పేస్తే అవే కన్నాలు చల్లబరుస్తాయి. మన బజారులో దొరికే నెట్ బనీను ఎండాకాలపు సరుకు అయింది అందుకే.

ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల వేడి దాదాపు పోనట్టే. రామగుండం లాంటి పొడి ఎండలో చెమట పుట్టీ పుట్టగానే చర్మం మీదే ఆరిపోతుంది, నీడలో ఉన్నవాడికి అక్కడ రెండో పొర అడ్డమే. కాకినాడలోనో విజయవాడలోనో గాలిలో తేమ ఎక్కువ. చెమట బొట్లు కట్టి వీపు మీంచి కారిపోతుంది. నూలు బనీను ఆ బొట్టును పట్టుకుని లూపుల వెంబడి పరిచి, ఆరడానికి ఎక్కువ చోటిస్తుంది. అది చర్మం మీద కాక గుడ్డ మీద ఆరుతుంది కనుక లాభం కొంత తగ్గుతుంది, అయినా కారిపోవడం కన్నా నయం. పూర్తిగా తడిసి వీపుకు అంటుకుపోతే మాత్రం లూపుల్లో గాలి పోయి నీరు నిండినట్టే. అప్పుడు దాన్ని మార్చుకోవాలి, అంతకు మించి మార్గం లేదు.

పైన ఏ చొక్కా ఉందన్నది ఇంకా ముఖ్యం. మామూలు గదిలో నూలు తన బరువులో 8 శాతం పైచిలుకు తేమను పీల్చుకుని ఉంటుంది. పాలిస్టరులో అది అర శాతం కూడా ఉండదు. తాతయ్య పడుచుదనంలో టెరిలిన్ చొక్కాలు గొప్ప, అదీ పాలిస్టరే. చెమట పీల్చని ఆ గుడ్డ కింద బనీను లేకుండా ఒక్క పూట ఉండటం కష్టం, పైగా పల్చటి చొక్కాలోంచి ఒళ్లు కనబడటం అమర్యాద. అన్నయ్య వేసుకునేది నూలు టీషర్టు. అది స్వయంగా లూపుల గుడ్డే, బనీనుకు తమ్ముడు. దాని కింద మరో బనీను దండగ. ఇద్దరిదీ సరైన తీర్పే అని నా నమ్మకం, చొక్కాలు వేరు కనుక. చంక చెమటే బాధ అయితే మాత్రం చేతుల్లేని బనీను ఆ చోటును కప్పదు, చేతుల బనీను కావాలి.

మర్యాద సంగతి సైన్సు తేల్చేది కాదు. ఇంట్లో పంచె మీద బనీనుతో హాయిగా కూర్చున్న పెద్దమనిషి, గుమ్మంలో వియ్యంకుడు కనబడగానే తువ్వాలు తీసి భుజాన వేసుకుంటాడు. ఆ ఒక్క తువ్వాలుతో బనీను బయటి బట్ట అయిపోతుంది. అమెరికాలో 1934లో ఒక సినిమాలో క్లార్క్ గేబుల్ చొక్కా విప్పితే లోపల బనీను లేదని, దాంతో బనీన్ల అమ్మకాలు పడిపోయాయని కథ పాకింది. దానికి గట్టి రుజువు లేదు.

మన దేశానికి ఈ యంత్రం కలకత్తా మీదుగా వచ్చింది, ఖిదిర్‌పూర్‌లో 1893లో తొలి కర్మాగారం పెట్టారు. తర్వాత తమిళనాడులో తిరుపూరు బనీన్ల ఊరైంది. అద్దకం నీళ్లు నొయ్యల్ నదిని పాడుచేస్తే మద్రాసు హైకోర్టు 2011లో అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. శుద్ధి చేసి ఒక్క చుక్కా బయటికి వదలకూడదన్న షరతు మీద అవి మళ్లీ నడిచాయి.

జపానులో షిమా సేకీ కంపెనీ 1995లో కుట్టే లేకుండా మొత్తం దుస్తునే అల్లే యంత్రం తెచ్చింది. ఆ తర్వాత నాలుక బదులు జారే ముక్క ఉన్న సూది కూడా తెచ్చింది, అంటే టౌన్‌షెండ్‌కూ పోటీదారు వచ్చాడు. బనీను గుడ్డ అల్లే గుండ్రటి మిషన్లలో ఇంకా నాలుక సూదే నడుస్తోంది. ఈసారి బనీను కొనేటప్పుడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. పైనుంచి కింది దాకా ఒకే చోట నిలువు గీత కనబడితే ఆ చోట సూది నాలుక వంగిందో విరిగిందో ఉంటుంది. అది వద్దని చెప్పి ఇంకొకటి తీయించండి. నిచ్చెన దిగడం ఆ గీత దగ్గర మొదలు కావచ్చు.